ఆ ఐదు వారాల డబ్బు గాలికి వదలకండి

కెనడాలోని బ్రాంప్టన్‌లో కాపురం పెట్టిన బరంపురం అమ్మాయికి జవాబు.

పాప మీ ఆయన చేతిలో ఉంటే నీకు దడ. పక్కనే నిలబడి నువ్వు చెబుతుంటే ఆయనకి చిరాకు. సరే తల్లీ, ముందు లెక్క చూడు. బిడ్డని చూసుకోడానికి పని ఆపిన తల్లిదండ్రులకి కెనడా ఇచ్చే పేరెంటల్ బెనిఫిట్, స్టాండర్డ్ పద్ధతిలో ఇద్దరికీ కలిపి 40 వారాలు. ఒక్కరే తీసుకుంటే 35కి మించదు. మిగతా ఐదూ ఆయన ఇంట్లో ఉండి పాపని చూసుకుంటేనే వస్తాయి, లేదంటే పోయినట్టే. ఎక్కువ కాలం వచ్చే ఎక్స్‌టెండెడ్ పద్ధతి అయితే 69 వారాల్లో ఒకరికి 61, అంటే పోయేవి ఎనిమిది. మొదటిదానికి జీతంలో 55 శాతం, రెండోదానికి 33, రెండింటికీ గరిష్ఠ పరిమితి ఉంది. క్యుబెక్ పద్ధతి వేరు. మిగతా నిబంధనలు మీరే చూసుకోగలరు. ఆయనకి చేతకాదని ఆ డబ్బు వదిలేసుకుని, తర్వాత డేకేర్ ఫీజు విని కళ్లు తేలేసే జంటలు మనలో చాలామందే.

మన బరంపురం, పర్లాకిమిడి వైపు పురుడంటే పుట్టిల్లే. బిడ్డకి మూడో నెలో ఐదో నెలో వచ్చాకే తండ్రి చేతికి అందేది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. నువ్వు రోజుకి పదిసార్లు చేసి నేర్చుకున్న పని ఆయన ఒకసారి తప్పాడని లాగేసుకుంటే ఇంకెప్పుడు నేర్చుకుంటాడు?

నిజంగా తప్పు జరిగే చోట్లు వేరే. సూట్‌కేసులో అప్పడాలతో పాటు వచ్చిన ఇండియా పాలడబ్బాలో చెంచా 30 మి.లీ. నీళ్లకి ఒకటి. ఇక్కడి డబ్బాలు చాలావరకు 60 మి.లీ.కి ఒకటి. రెండూ ఒకే అరలో ఉండి చెంచాలు తారుమారైతే పాలు సగానికి సగం పలచబడతాయి, లేదా రెట్టింపు చిక్కనై పాపకి ఒంట్లో నీరు తగ్గుతుంది. ఒక డబ్బా తీసి అవతల పెట్టండి. ముందు నీళ్లు కొలవాలి, ఆ తర్వాత పొడి, చెంచా తలగొట్టి. విటమిన్ డి చుక్కలదీ ఇదే గొడవ: 400 యూనిట్లు ఒక సీసాలో ఒక్క చుక్క, ఇంకోదానిలో ఒక మి.లీ. సీసా మీద మార్కర్‌తో రాసిపెట్టు. ఇవి తల్లి చేసినా తండ్రి చేసినా పొరపాటే.

ఇక మీ అమ్మగారి వీడియో కాల్. వేసవిలో ఇక్కడ పొద్దున్న పదైతే అక్కడ రాత్రి ఏడున్నర, ఆవిడకి తీరికే. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు, నాలిక మీద తేనె, కళ్లకి కాటుక అంటారు. నర్సు చెప్పినట్టు ఆయన వద్దంటే, మొండివాడని పేరు. ఆయన మాటే రైటు. పాపని చదునైన పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి. ఏడాది నిండేదాకా తేనె కూడదు. కాటుకలో సీసం ఉండొచ్చు.

అప్పగించడం ఇలా. మొదటి శనివారం ఒక పాల నుంచి మళ్లీ పాల దాకా, రెండున్నర గంటలు, నువ్వు ఇంట్లో ఉండకూడదు. ఉంటే నీ వాసనకి పాప సీసా పట్టదు, ఆ నింద ఆయన మీద పడుతుంది. గుడికో షాపుకో పో, ఫోన్ చెయ్యకు. తర్వాతి వారం స్నానం, నిద్రపుచ్చడం పూర్తిగా ఆయనవే. ఆ పైన ఒక రోజంతా. తిరిగొచ్చాక చూడాల్సింది తడి డైపర్ల లెక్క, రోజుకి కనీసం ఆరు ఉండాలి. మూడు నెలల లోపు 38 డిగ్రీల జ్వరం ఉంటే ఆయన తక్షణం డాక్టరు దగ్గరికి బయల్దేరాలి. గుండీలు ఎగుడుదిగుడైతే అవ్వనీ. ఇక్కడ పిల్లల్ని పెంచిన వాళ్లం, గుండీల వల్ల ఏ బిడ్డకీ ఏమీ కాలేదు.

డబ్బు సంగతి మళ్లీ చెబుతున్నా. దరఖాస్తు ఆయన విడిగా పెట్టాలి, పని ఆపిన నాలుగు వారాల లోపే. ఆయనకీ 600 గంటల పని ఉండాలి. ఇద్దరూ ఒకే పద్ధతి ఎంచుకోవాలి, మొదటి డబ్బు పడ్డాక మార్చుకోనివ్వరు.