చిన్న ఫోన్లో పెద్ద వెబ్‌సైట్ పట్టాలంటే

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పిల్లల మార్కులు ఎక్కించే వెబ్‌సైట్ పూర్తిగా కంప్యూటర్ కోసం చేసింది. నా చిన్న ఫోన్లో తెరిస్తే 14 కాలమ్స్ టేబుల్ చీమల బారులా ఉంటుంది. పక్కకు జరిపితే పేరు పోతుంది, పేరు చూస్తే గడి పోతుంది. నిన్న ఒకమ్మాయి లెక్కల మార్కులు కింది అబ్బాయికి పడ్డాయి, ఒకటే టెన్షన్. కొత్త ఫోన్ కొనక తప్పదా?

జవాబు: కొనకండి, తప్పు ఫోన్‌ది కాదు. మొబైల్ కోసం సిద్ధం చేయని పేజీని బ్రౌజర్ దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పున గీసి, దాన్ని మీ ఫోన్‌కి ఉండే సుమారు 360లోకి కుదిస్తుంది, దాంతో అక్షరం మూడో వంతుకు కాస్త పైన మిగులుతుంది. క్రోమ్ మెనూలో ‘డెస్క్‌టాప్ సైట్’ టిక్ ఉన్నా ఇదే గతి. ఎప్పుడో పెట్టి మర్చిపోయేవాళ్లు చాలామంది, ముందు అది చూసి తీసేయండి. ఫోన్ అడ్డంగా తిప్పితే చాలు, అక్షరం చాలావరకు పెద్దదవుతుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ తెరిచి ‘ఫోర్స్ ఎనేబుల్ జూమ్’ ఆన్ చేస్తే, జూమ్ కాకుండా బిగించేసిన సైట్లు కూడా రెండు వేళ్లతో సాగుతాయి. మార్కుల పేజీ మీద ఉండగానే ‘యాడ్ టు హోమ్ స్క్రీన్’ కొడితే రోజూ మెనూ, క్లాసు, సెక్షన్ అంటూ మెట్లు దిగే పని తప్పుతుంది, లాగిన్ మాత్రం అడగొచ్చు.

అయితే పేరు కనిపించకుండా పోవడమే మీ అసలు బాధ, దానికి జూమ్ మందు కాదు. సైట్‌లో ఎక్సెల్ ఫైలు దించుకుని, నింపి, మళ్లీ ఎక్కించే వీలుందేమో వెతకండి. ఉంటే దాన్ని గూగుల్ షీట్స్‌లో తెరిచి పేర్ల కాలమ్‌ని ఫ్రీజ్ చేయండి, ఎంత పక్కకు జరిపినా పేరు అక్కడే నిలబడుతుంది. లేకపోతే స్కూల్ ద్వారా గట్టిగా అడగండి. లాగిన్ అయింది ఏ సబ్జెక్టు టీచరో సైట్‌కి తెలిసినప్పుడు ఆ ఒక్క కాలమ్ చూపించడం పెద్ద పనేం కాదు.

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్. మా ఊరి పాల కేంద్రం కోసం వెబ్ యాప్ చేస్తున్నా. రైతుల దగ్గర చిన్న ఫోన్లే ఉన్నాయి. ఎవరి వాడకాన్ని బట్టి వాళ్లకు స్క్రీన్ దానంతటదే మారేలా చేయాలనుంది. మంచిదేనా?

జవాబు: ఆలోచన మంచిది, ‘దానంతటదే’ అన్న మాట దగ్గరే భయం. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో ఇలాగే తక్కువగా వాడే ఐటమ్స్‌ని మెనూల్లోంచి దాచేసింది, జనం నిన్న చూసింది ఈరోజు ఎక్కడుందో తెలియక వెతుక్కున్నారు. చిన్న స్క్రీన్ మీద ఇది ఇంకా కష్టం, ఎందుకంటే రోజూ వాడేవాళ్ల వేలికి బటన్ చోటు గుర్తుంటుంది, చదివి నొక్కరు. అందుకే చోట్లు కదపొద్దు, ఎవరికి ఏది కావాలో అది ముందు పెట్టండి. రైతుకి కావలసింది ఈ పూట పోసిన లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థాల శాతం), రావలసిన డబ్బు. ఈ నాలుగూ వేలు కదపకుండా కనపడాలి, పాత బిల్లులు కిందకి. పాలు కొలిచే మనిషికి వేరే స్క్రీన్ కావాలి: సభ్యుడి నంబరు కొట్టగానే పేరు రావాలి, తర్వాత అంకెల కీబోర్డే తెరుచుకోవాలి. అక్షరాల సైజు, భాష రైతే ఎంచుకుంటాడు, మీ యాప్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు ఫోన్లోనే కాక సర్వర్లోనూ ఉంచండి. ఐఫోన్ సఫారీలో, సఫారీ వాడుతూ 7 రోజుల పాటు మీ సైట్‌ని తాకకపోతే లోకల్ స్టోరేజ్ (సైట్ కోసం బ్రౌజర్ ఫోన్లో దాచే సమాచారం) చెరిగిపోతుంది, హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న యాప్‌కి మినహాయింపు ఉంది. పైగా ఒకే ఫోన్‌ని ఇంట్లో ముగ్గురు వాడే ఇళ్లు మీ ఊళ్లోనూ ఉంటాయి.

వ్యూపోర్ట్ ట్యాగ్ (పేజీని ఫోన్ వెడల్పుకి సరిపెట్టమని బ్రౌజర్‌కి చెప్పే లైన్) మరవొద్దు, అందులో జూమ్‌ని ఆపే మాట అస్సలు రాయొద్దు. బటన్లు 48 పిక్సెళ్లకు తగ్గకుండా చూడండి, పాలు పోసి వచ్చిన చెయ్యి తడిగా ఉంటుంది. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ ఎత్తు తెలుగుకి చాలదు. ‘స్త్రీ’, ‘క్షేత్రం’, ‘రాష్ట్రం’ ఒకదాని కింద ఒకటి రాసి, ఊళ్లో ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న ఫోన్ అడిగి తీసుకుని చూడండి. పై లైన్ వత్తు కింది లైన్ తలకట్టుకి తగులుతుంటే లైన్ ఎత్తు అక్షరం సైజుకి 1.6 రెట్ల దాకా పెంచండి.