నాన్న ఆయాసానికి కారణం కువైట్ పొగా, మన వీధి పొగా?

ప్రశ్న: మాది రాయచోటి దగ్గర పల్లె. మా నాన్నకు 64 ఏళ్లు, కువైట్‌లో చాలా ఏళ్లు డ్రైవర్‌గా చేశారు. 1990లో యుద్ధం వచ్చినప్పుడు జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఇంటికి వచ్చేసి, 1991 వేసవిలో మళ్లీ వెళ్లారు. అప్పుడు చమురు బావులు తగలబడుతుండేవని, మిట్టమధ్యాహ్నం కూడా లైట్లు వేసుకుని బండి నడిపామని, ముక్కు తుడిస్తే నల్లగా వచ్చేదని చెబుతుంటారు. ఇప్పుడు హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నారు. రెండేళ్లుగా పొద్దున్నే కఫంతో దగ్గు. రెండో అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఆగుతున్నారు. ఎక్స్‌రే నార్మల్ అన్నారు. వెళ్లిన ప్రతిసారీ యాంటీబయాటిక్, సిరప్ ఇస్తున్నారు. ఇన్‌హేలర్ రాస్తే, అలవాటైపోతుందని వాడడం లేదు. బీడీలు నిరుడు మానేశారు. మా అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ స్థలంలో రోజూ చెత్త కాలుస్తారు. ఇదంతా అప్పటి పొగ వల్లేనా? ఊపిరితిత్తుల్ని శుభ్రం చేసే మందు ఏమైనా ఉందా? తమ్ముడు ఇప్పుడు కువైట్‌లోనే ఉన్నాడు, గల్ఫ్‌లో యుద్ధం అని వార్త వస్తే చాలు ఇంట్లో అందరికీ టెన్షన్.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ నాన్నగారు చెబుతున్నదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు. 1991లో ఇరాకీ సైన్యం కువైట్ వదిలి వెళ్తూ 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. రోజుకు నలభై లక్షల పీపాలకు పైగా చమురు మండిపోయింది, పొగ కమ్మిన చోట ఎండ నేలకు చేరక పగటి వేడి కూడా పడిపోయింది, కాలకుండా చిమ్మిన చమురు సన్నటి తుంపరలా మనుషుల మీద, బండ్ల మీద, ఒంటెల మీద పడింది. మంటలు ఆర్పడానికి అమెరికా, కెనడా నుంచి బృందాలు వచ్చాయి, హంగరీ వాళ్లయితే పాత యుద్ధ ట్యాంకు మీద మిగ్ విమానం ఇంజన్లు బిగించి ఆ గాలితో నీళ్లు కొట్టారు. చివరి బావిని ఆర్పింది 1991 నవంబర్ 6న. అంటే వేసవిలో వెళ్లిన మీ నాన్నగారు కొన్ని నెలల పాటు ఆ పొగలోనే స్టీరింగ్ పట్టుకున్నారు. ఈ సంగతి ఇప్పటిదాకా ఏ డాక్టరూ అడిగి ఉండరు, తప్పు మా వైపుదే. ఓపీలో రెండు నిమిషాలే చూస్తాం, 'బీడీ తాగుతావా' అని అడుగుతాం గానీ 'ఎక్కడెక్కడ పని చేశావు' అని అడగం.

అయితే మొత్తం నింద ఆ పొగ మీదే వేయలేను, ఎందుకో చెబుతాను. ఆ మంటల వేడికి పొగలో చాలా భాగం పైకి లేచి గాలివాటున దూరంగా కొట్టుకుపోయింది. నేల మీద కొలిచి చూస్తే విషవాయువులు భయపడినంత లేవు గానీ సన్నటి ధూళి మాత్రం చాలా ఎక్కువగా ఉంది, అందులో మసి కొంత, ఎడారి ఇసుక కొంత. అక్కడ పనిచేసిన అమెరికా సైనికుల రికార్డుల్ని తర్వాత పరిశీలిస్తే, ఆ పొగ పీల్చిన కారణంగా ఆసుపత్రుల్లో చేరినవాళ్లు బాగా పెరిగినట్టు తేలలేదు. కాబట్టి 'కువైట్ పొగే కారణం' అని నేను ఖాయంగా రాసిస్తే మీకు అబద్ధం చెప్పినట్టే. 'దానికీ దీనికీ సంబంధమే లేదు' అన్నా అబద్ధమే.

రెండోది ఎందుకు అబద్ధమో చెప్పడానికి ఇరాక్‌లోని మిష్రాక్ కథ చెప్పాలి. మోసుల్ దగ్గర ఉన్న గంధకం ఫ్యాక్టరీ అది. 2003 జూన్‌లో ఎవరో నిప్పు పెడితే వారాల తరబడి కాలింది. చుట్టుపక్కల ఉన్న అమెరికా సైనికులు ఇంటికి వెళ్లాక, ఒకప్పుడు మైళ్ల కొద్దీ పరిగెత్తిన కుర్రాళ్లు, ఫిట్‌నెస్ పరీక్షలో ఫెయిలవడం మొదలైంది. ఆయాసం అంటున్నారు. ఎక్స్‌రే తీస్తే నార్మల్, ఊదించి చూసే పరీక్షలు కూడా చాలామందిలో దాదాపు నార్మల్. అప్పుడు వీళ్లతో సహా ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో 49 మందికి ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, 38 మందిలో అతి సన్నటి శ్వాసనాళాలు మచ్చలు కట్టి మూసుకుపోయి ఉన్నాయి. మా వైద్య భాషలో కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ అంటాం. 2011లో ఈ ఫలితాలు బయటికి వచ్చాకే 'ఎక్స్‌రే బాగుంది కాబట్టి మనిషి బాగున్నాడు' అనే మాట మీద నా లాంటి చాలామందికి నమ్మకం పోయింది. 2016 అక్టోబర్‌లో అదే ఫ్యాక్టరీకి ఐసిస్ వాళ్లు మళ్లీ నిప్పు పెట్టారు. ఈసారి కూడా పక్కన ఉన్నది సైనికులే కాదు, ఊళ్లు కూడా. ఇద్దరు ఊపిరాడక చనిపోయారు, వందల మంది ఆసుపత్రికి పరుగులు తీశారు. దగ్గర్లోని ఖయ్యారా చమురు బావులైతే నెలల పాటు మండాయి, ఆ పొగ కింద పిల్లలు మసి పట్టిన మొహాలతో ఆడుకున్నారు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఇరాన్‌లోని సర్దష్త్ ఉంది. 1987 జూన్ 28న ఇరాక్ ఆ ఊరి మీద మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు బాంబులు వేసింది. ఆ రోజు బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది దశాబ్దాల తర్వాత కూడా దగ్గుతూ, ఇన్‌హేలర్లతో, కొందరు ఆక్సిజన్‌తో బతుకుతున్నారు. గాజాలో కూలిన ఇళ్ల శిథిలాలు 2024 మధ్యకే దాదాపు 3 కోట్ల 90 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క కట్టింది, అందులో పైకప్పు రేకుల్లో వాడే ఆస్‌బెస్టాస్ అనే హానికరమైన నార కూడా కలిసి ఉంది. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే క్యాన్సర్ బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు పైనే పడుతుంది. ఇవాళ ఆ దుమ్ములో నడుస్తున్న పిల్లాడి జబ్బును 2050ల్లో ఏ డాక్టరో చూస్తాడు, ఆ పిల్లాడు అప్పుడు ఏ దేశంలో ఉంటాడో, ఆ డాక్టర్ ఇదంతా అడుగుతాడో లేదో. నాకు కోపం వచ్చేది ఇక్కడే. యుద్ధంలో చనిపోయినవాళ్లను లెక్కపెడతారు, గాయపడినవాళ్లను లెక్కపెడతారు, మీ నాన్నగారి లాంటి డ్రైవర్ ఊపిరితిత్తుల్లో మిగిలినదాన్ని మాత్రం ఏ దేశమూ తన ఖాతాలో రాసుకోదు.

ఇప్పుడు మీ నాన్నగారి విషయం. పాతికేళ్లు దాటాక ఎవరికైనా ఊపిరి సామర్థ్యం ఏటా కాస్త కాస్త తగ్గుతుంది, ఏడాదికి 25, 30 మిల్లీలీటర్లు అనుకోండి. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో కొందరికి ఇది రెండింతలు కూడా అవుతుంది. 1991లో ఒక దెబ్బ తగిలి ఉండొచ్చు, ఆ పైన బీడీలు, ఆ పైన ఏళ్ల తరబడి ట్రాఫిక్‌లో డ్రైవింగ్, ఇప్పుడు కిటికీ పక్కనే చెత్త పొగ. ఇవి ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. అరవై దాటేసరికి ఊపిరి నిల్వ ఖర్చయిపోయి జబ్బు మెట్ల దగ్గర బయటపడింది. మీరు రాసిన లక్షణాలను బట్టి నాకు మొదట వచ్చే అనుమానం సీఓపీడీ, అంటే పొగ వల్ల శ్వాసనాళాలు క్రమంగా ఇరుకైపోయే జబ్బు. కానీ చూడకుండా ముద్ర వేయను. టీబీ, ఆస్తమా, గుండె జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతాయి.

ముందు స్పైరోమెట్రీ చేయించండి. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష, మందు పీల్చక ముందు ఒకసారి, పీల్చాక ఒకసారి చేస్తారు. ఇది లేకుండా సీఓపీడీ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి కఫం పరీక్ష కూడా తప్పనిసరి, టీబీ కోసం ఈ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), రక్తంలో ఆక్సిజన్ శాతం కూడా చూస్తారు. మిష్రాక్ సంగతి ఇందాక చెప్పింది ఊరికే కాదు, స్పైరోమెట్రీ బాగానే ఉండి ఆయాసం మాత్రం పెరుగుతుంటే 'ఇంకేం లేదులే' అని ఇంటికి రావద్దు, ఊపిరితిత్తుల్ని సన్నగా, వివరంగా చూపించే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ గురించి పల్మనాలజిస్ట్‌ను, అంటే ఊపిరితిత్తుల డాక్టర్‌ను అడగండి. బీడీల చరిత్ర ఉంది కాబట్టి స్కాన్ ఎలాగూ పనికొస్తుంది. ఇంకో మాట, గల్ఫ్ వెళ్లేటప్పుడు మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీసి ఉంటారు కదా, ఆ పాత ఫిల్మ్ పెట్టె అడుగునో బీరువాలోనో దొరికితే తప్పకుండా తీసుకెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తెలిసేది చాలా ఉంటుంది.

కఫంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాళ్ల వాపు, పెదాలు నీలంగా మారడం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుంది అనే మాట నేను రోజుకు పదిసార్లు వింటాను. అమ్మా, కళ్లద్దాలు పెట్టుకుంటే కళ్లకు అలవాటైందని ఎవరమూ మానేయం కదా. ఇది మత్తు మందు కాదు. మాత్రలో మందు ఒళ్లంతా తిరుగుతుంది, ఇన్‌హేలర్‌లో ఎంతో తక్కువ మోతాదు నేరుగా ఊపిరితిత్తికి చేరుతుంది. పని చేయట్లేదు అనేవాళ్లలో చాలామంది దాన్ని సరిగ్గా పీల్చరు, మందంతా నాలుక మీదే పడుతుంది. నాన్నగారి వయసులో స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, పెట్టి వాడితే తేలిక. స్పేసర్ లేకపోతే బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా లోపలికి పీలుస్తూ అదే క్షణంలో నొక్కి, పది లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. అందులో స్టెరాయిడ్ ఉంటే తర్వాత నోరు పుక్కిలించాలి. కఫం రంగు మారకుండా, జ్వరం లేకుండా ప్రతిసారీ యాంటీబయాటిక్ వేసుకోవడం మాత్రం ఇక ఆపండి, దాని అవసరం నిజంగా వచ్చిన రోజున పనిచేయకుండా పోతుంది.

ఊపిరితిత్తుల్ని కడిగేసే మందు లేదు. అలా చెప్పి అమ్మే కషాయాల మీద, డ్రింకుల మీద డబ్బు పోయకండి. నాన్నగారికి ఇప్పటికే పడిన అతి మంచి మందు ఒకటుంది, బీడీ మానడం. అది ఆయనతో గట్టిగా చెప్పండి, ఎందుకంటే మానేసి ఏడాదైనా దగ్గు పోలేదని మళ్లీ మొదలుపెట్టినవాళ్లను చూశాను. మానితే పోయిన సామర్థ్యం తిరిగి రాదు గానీ తగ్గే వేగం నెమ్మదిస్తుంది, మిగిలిన ఏళ్లు మంచంలోనా నడకలోనా అనేది తేల్చేది అదే. ఏటా ఫ్లూ టీకా, డాక్టర్‌తో మాట్లాడి న్యుమోనియా టీకా వేయించండి. రోజూ నడిపించండి, ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద కాకుండా.

ఇక మీ కిటికీ పక్క చెత్త. యుద్ధం పొగకు భయపడే మనం ఈ పొగకు భయపడం, అలవాటైపోయింది కాబట్టి. ప్లాస్టిక్, రబ్బరు, తడి ఆకులు కలిసి నెమ్మదిగా రగులుతుంటే వచ్చే పొగలో సన్నటి ధూళి, డయాక్సిన్లు అనే విష రసాయనాలు రెండూ ఉంటాయి. పీఎం 2.5 అనే ఈ ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది, మన దేశం పెట్టుకున్న హద్దు 40. ఆ 40నే చాలా నగరాలు అందుకోలేకపోతున్నాయి. బయటి గాలి కాలుష్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే తేల్చింది. బయటి గాలి, వంటింటి పొగ కలిపి ఏటా సుమారు 70 లక్షల మంది ప్రాణాలు తీస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1991లో మంటలు ఆర్పడానికి మీ నాన్నగారి చేతిలో ఏమీ లేదు. ఈ మంటను ఆపడానికి మీ అపార్ట్‌మెంట్ వాళ్లు పదిమంది కలిసి మున్సిపాలిటీకి ఫొటోతో ఫిర్యాదు చేయొచ్చు, ఆ స్థలం యజమానికి నోటీసు ఇప్పించొచ్చు. అప్పటిదాకా కాల్చే సమయానికి నాన్నగారి గది కిటికీలు మూసి, ఆయన్ను అవతలి వైపు గదిలోకి మార్చండి. బయటికి వెళ్తే ఎన్95 మాస్క్, గుడ్డ మాస్క్ ఈ ధూళిని ఆపలేదు. ఆయాసం ఎక్కువగా ఉన్న రోజు మాత్రం మాస్క్‌తో బలవంతంగా తిప్పకండి.

తమ్ముడి గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. 2025 జూన్‌లో ఖతర్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు ప్రయోగించిన రాత్రి, ఇక్కడ కడప, నిజామాబాద్, గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో నిద్ర లేదో నాకు తెలుసు. ముందు ఎంబసీ చెప్పేది వినమనండి. ఎక్కడైనా చమురు మంట లేచి పొగ కమ్మితే లోపలే ఉండి, కిటికీలు బిగించి, తలుపు కింద తడిగుడ్డ పెట్టి, కారులో అయితే ఏసీని లోపలి గాలికే తిప్పి వాడమనండి. గదిలో నాలుగైదు ఎన్95 మాస్కులు ఉంచుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆస్తమా ఉంటే నెలకు సరిపడా మందు దగ్గర ఉండాలి.

పల్మనాలజిస్ట్ దగ్గరికి వెళ్లే ముందు రోజు రాత్రి నాన్నగారి దగ్గర కూర్చుని ఒక తెల్లకాగితం మీద రాయండి. ఏ ఏడాది ఎక్కడ పనిచేశారు, రోజుకు ఎన్ని బీడీలు, చిన్నప్పుడు ఇంట్లో కట్టెల పొయ్యి ఉండేదా. 1991లో గాలి తిరిగి పొగ ఊరి మీదికి వచ్చిన రోజుల్లో ఆయనకు దగ్గు వచ్చిందా, వస్తే ఎన్నాళ్లకు తగ్గింది, లేక అసలు పూర్తిగా తగ్గనే లేదా. ఆ చివరి ప్రశ్నకు ఆయన ఏం చెబితే అది, ఆయన మాటల్లోనే రాసి డాక్టర్ చేతికి ఇవ్వండి.