చూపులేని సహోద్యోగికి ఆఫీసు ఫైళ్లు ఎలా పంపాలి?

మీ సెక్షన్‌కి కొత్తగా వచ్చినావిడ ఎన్‌వీడీఏ (తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్) వాడతారు, మీరు పంపే సర్క్యులర్లు మాత్రం చదవలేకపోతున్నారు అన్నారు. లోపం ఆవిడ కంప్యూటర్‌లో లేదు, ఫైల్లో ఉంది.

స్క్రీన్ రీడర్ చదివేది అక్షరాల కోడ్‌ని. సంతకం పెట్టి స్కాన్ చేసిన పీడీఎఫ్ దానికి ఒట్టి ఫొటో. వాట్సాప్‌లో పెట్టిన ఫొటో కూడా అంతే. స్కాన్ కాపీతోపాటు టైప్ చేసిన అసలు వర్డ్ ఫైల్ జత చేయండి.

తెలుగులో ఇంకో పెద్ద చిక్కుంది. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) కొట్టిన ఫైల్ తెర మీద చక్కటి తెలుగులా కనిపిస్తుంది. లోపలున్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఆవిడకి వినిపించేది ఆ గందరగోళమే. పంపేముందు ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగుగానే నిలిస్తే యూనికోడ్ (తెలుగు అక్షరాలకే సొంత కోడ్ ఉండే పద్ధతి), పర్లేదు. పిచ్చి గుర్తులొస్తే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ అంకెలూ ఒకసారి సరిచూడండి, అక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

పట్టికల్లో గడులు కలపొద్దు: ఏ అంకె ఏ కాలమ్‌దో తెలియకుండా పోతుంది. శీర్షికలకి బోల్డ్ చాలదు, వర్డ్‌లోని హెడ్డింగ్ స్టైల్ పెట్టండి. అప్పుడు ఆవిడ ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో (కీలతో ఫైల్లో అటూ ఇటూ తిరిగే పద్ధతి) హెచ్ కీ నొక్కుతూ విభాగం నుంచి విభాగానికి వెళ్లిపోతారు.

మీటింగ్‌లో "ఇదిగో ఇక్కడ" అనకుండా "మూడో వరుస, జూన్ ఖర్చు" అనండి. మాట్లాడేముందు పేరు చెప్పండి, మధ్యలో లేచి వెళ్తుంటే అదీ చెప్పండి.

ప్రభుత్వ కార్యాలయమైతే ఇలాంటి సదుపాయాలు కల్పించడం 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 20వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి.