బాస్కెట్‌బాల్ కోర్టు వేయించే ముందు: కొత్త వ్యాయామోపాధ్యాయుడికి పాత డ్రిల్ మాస్టారి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పూర్వ విద్యార్థులు ఇస్తామన్న విరాళంతో మీ ఉన్నత పాఠశాలలో బాస్కెట్‌బాల్ కోర్టు వేయించాలని ఉందనీ, కానీ ప్రధానోపాధ్యాయుల వారు "ఈ ఊళ్లో క్రికెట్టు, కబడ్డీ, వాలీబాల్ తప్ప ఇంకేమాడతారయ్యా" అని వెనకాడుతున్నారనీ రాశావు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా కోర్టు వేయించిన బళ్లు నేను చాలానే చూశాను. కాబట్టి ఈ ఆట మన దగ్గర ఎందుకు వెనకబడి ఉందో నాకు తెలిసినంతవరకు ముందు రాస్తాను, ఆ తరువాత నువ్వేం చేస్తే బాగుంటుందో చెబుతాను.

స్టాఫ్ రూములో మొదట వినిపించే మాట ఎత్తు గురించి. మనవాళ్లు పొట్టివాళ్లు, అది ఆరున్నర అడుగుల మనుషుల ఆట అని ఎవరో ఒకరు అననే అంటారు. వాళ్లతో వాదం పెట్టుకోకుండా ఫిలిప్పీన్స్ సంగతి చెప్పు. అక్కడి జనం మనకంటే పొడగరులేమీ కారు, అయినా ఆ దేశంలో అన్ని ఆటలకన్నా ముందున్నది ఇదే. 1954 ప్రపంచ పోటీల్లో వాళ్లది మూడో స్థానం. ఆసియాలో మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ 1975లో మొదలైంది అక్కడే. మన పంచాయతీలాంటి బరంగేల్లో ఊరి మధ్యన, చాలాచోట్ల గుడికో మార్కెట్టుకో పక్కనే, ఒక కోర్టు కనిపిస్తుంది. జాతీయ జట్టుకు ఎత్తు కావాలి, నిజమే. సాయంత్రం పూట ఊళ్లో ఆడుకోవడానికి మాత్రం ఎత్తుతో పని లేదు.

మన దగ్గరికి ఆలస్యంగా వచ్చిందనడం కూడా సరికాదు. జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ శిక్షకుడు 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పీచ్ పండ్ల బుట్టలు కట్టి ఈ ఆటను మొదలుపెట్టిన వై.ఎం.సి.ఏ. (క్రైస్తవ యువకుల సంఘం) సంస్థే, 1920లో హ్యారీ బక్ ఆధ్వర్యంలో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల తెరిచింది. దక్షిణాదిన ఎన్నో బళ్లకు వ్యాయామోపాధ్యాయులు వెళ్లింది అక్కడినుంచే. అంటే ఆటా వచ్చింది, నేర్పేవాళ్లూ వచ్చారు. కానీ అది మిషనరీ బళ్లు, రైల్వే ఇన్‌స్టిట్యూట్లు, పోలీసు లైన్లు, సైనిక కంటోన్మెంట్ల ప్రహరీగోడల లోపలే ఉండిపోయింది, గోడ దాటి వీధిలోకి రాలేదు.

ఎందుకు రాలేదన్నదే అసలు విషయం, ఇక్కడ నువ్వు కాస్త నిదానంగా ఆలోచించాలి. వాలీబాల్‌లో బంతి నేలకు తగలకూడదు గనుక నేల ఎలా ఉన్నా ఆట సాగుతుంది. కబడ్డీకి దున్నిన మట్టైతే మరీ మంచిది. క్రికెట్టుకు టెన్నిస్ బంతి తెచ్చుకుని తారురోడ్డు మీదో, కోత అయిపోయిన పొలంలోనో ఆడేస్తారు, బంతి అడ్డదిడ్డంగా లేస్తే దాన్నీ ఆటలో భాగంగానే తీసుకుంటారు. బాస్కెట్‌బాల్ సంగతి అది కాదు. ఇరవై ఎనిమిది మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు ఉన్న నేల అంతా గట్టిగా, సమంగా ఉండాలి. ఎందుకంటే బంతి తీసుకుని కదలాలంటే దాన్ని నేలకు కొట్టుకుంటూ పోవడం తప్ప ఆ ఆటలో వేరే దారి లేదు. మట్టి నేల మీద బంతి నడుము దాకా లేవదు, గులకరాయి తగిలితే పక్కకు పోతుంది. అలాంటిచోట నేర్చుకున్న పిల్లవాడు బంతినే చూస్తూ ఆడతాడు. తలెత్తి తోటి ఆటగాణ్ణి చూడడం అతనికి ఎప్పటికీ అలవాటు కాదు, పాస్ ఇవ్వడం రాదు, పది రోజుల్లో విసుగు పుట్టి బ్యాటు పట్టుకుంటాడు. పిల్లవాడికి ఆట నచ్చలేదని మనం అనుకుంటాం గానీ వాడికి అసలు ఆట అందలేదు.

కోర్టు ఉన్నచోట కూడా మరో చిక్కు ఉంది. సాయంత్రం నాలుగున్నరకు బడి గేటుకు తాళం పడుతుంది, పిల్లలకు ఆట ఒంటబట్టేది మాత్రం ఆ తరువాతి రెండు గంటల్లోనే. ఇక ఊళ్లో గట్టి నేల అనగానే దాని మీద అందరి కన్నూ పడుతుంది. పంట చేతికొచ్చినప్పుడు ధాన్యం ఆరబోస్తారు, సభలకు కార్లు పెడతారు, పెళ్లికి షామియానా వేస్తారు. నేను పనిచేసిన ఒక బడిలో గుంజలు పాతడానికి ఫ్రీ త్రో గీత (ఫౌల్ అయినప్పుడు నిలబడి షాట్ వేసే గీత) దగ్గరే గునపంతో చిల్లులు పొడిచారు. తరువాత సిమెంటు మెత్తించినా బంతి అక్కడ పడితే చప్పుడే వేరుగా ఉండేది, పిల్లలు ఆ చోటు తప్పించి ఆడడం నేర్చుకున్నారు.

చూసేవాళ్ల విషయం కూడా చెప్పాలి. ఒక్కో జట్టు డెబ్బై ఎనభై పాయింట్లు చేసే ఆటలో బంతి ఏసారి బుట్టలో పడడం ముఖ్యమో కొత్తగా చూసేవాడికి తెలియదు. ఈల ఊరికే మోగుతూ ఉంటుంది, అది అడుగులు ఎక్కువ వేసినందుకా, రింగు కింద మూడు సెకన్లకు మించి నిలబడినందుకా, షాట్ వేయకుండా ఇరవై నాలుగు సెకన్లు గడిపినందుకా అన్నది చిన్నప్పుడు ఆడినవాడికే అర్థమవుతుంది. 2014లో ప్రో కబడ్డీ టీవీలోకి రాగానే ఇళ్లలో అంతగా చూశారంటే, కూత పెట్టి ఆడిన జ్ఞాపకం అప్పటికే అందరికీ ఉండడం వల్లనే. మన బాస్కెట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లింది ఒక్కసారే, 1980లో మాస్కోకు, అదీ చాలా దేశాలు బహిష్కరించడంతో. అక్కడ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ తరువాత మూడేళ్లకు క్రికెట్ జట్టు ప్రపంచకప్ తెచ్చింది, పిల్లలందరూ అటు తిరిగారు. 2017 జులైలో బెంగళూరులో మన మహిళలు ఆసియా కప్ బి డివిజన్ ఫైనల్లో కజకిస్థాన్‌ను 75-73తో ఓడించి పై డివిజన్‌కు వెళ్లారు. అదే నెలలో లార్డ్స్‌లో మన మహిళా క్రికెట్ జట్టు ప్రపంచకప్ ఫైనల్లో తొమ్మిది పరుగుల తేడాతో ఓడిపోయింది. ఓడిన మ్యాచ్ గురించి ఊరంతా మాట్లాడుకుంది, గెలిచిన మ్యాచ్ గురించి అడిగితే నీ తోటి ఉపాధ్యాయుల్లో ఒక్కరైనా చెప్పగలరేమో కనుక్కో.

గొప్ప ఆటగాడొకడు పుట్టుకొస్తే చాలని కొందరంటారు. 2015లో పంజాబ్‌లోని బల్లోకే అనే పల్లె కుర్రవాడు సత్నామ్ సింగ్‌ను అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్.బి.ఏ.లోని డల్లాస్ మావెరిక్స్ జట్టు డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) ఎంచుకున్నప్పుడు నేనూ ఎంతో సంతోషించాను. అతనికి ఎన్.బి.ఏ. లీగ్ మ్యాచ్‌లో ఆడే అవకాశం రాలేదు, ఇక్కడ కొత్త కోర్టుల వరుసా మొదలవలేదు. బ్యాడ్మింటన్‌లో వేరేగా జరిగింది. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి ఊరుకోకుండా గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాడు గనుకనే సైనా, సింధు మనకు దక్కారు. పేరు తెచ్చిన మనిషికి తోడు రోజూ తెరిచి ఉండే చోటు కూడా కావాలి. నీ చేతిలో ఉన్నది ఆ చోటే.

ఇక నువ్వు చేయవలసిన పనులకు వస్తాను. విరాళం ఇచ్చేవాళ్లలో కొందరు అమెరికాలో ఉన్నారన్నావు. వాళ్ల పిల్లలకు ఇంటి ముందు కారు నిలిపే చోటే రింగు ఉంటుంది, బడిలో చెక్క నేల ఉంటుంది, అందుకని గాజు బోర్డులూ రంగుల నేలా అంటూ సలహాలిస్తారు. మర్యాదగా విని, ఆ డబ్బు కాంక్రీటుకూ లైట్లకూ అడుగు. డబ్బు చాలకపోతే పూర్తి కోర్టు నాసిరకంగా వేయించే బదులు సగం కోర్టు గట్టిగా వేయించు. టోక్యోతో ఒలింపిక్స్‌లోకి వచ్చిన ముగ్గురేసి ఆటగాళ్ల పోటీకి పదిహేను మీటర్ల వెడల్పు, పదకొండు మీటర్ల పొడవు ఉన్న చోటూ ఒక్క రింగూ సరిపోతాయి. పైగా ఒక్కొక్కరి చేతికి బంతి ఎక్కువసార్లు అందుతుంది, మొదలుపెట్టే పిల్లలకు అదే కావాలి.

పెద్ద పిల్లల్ని పోగేసి వెంటనే జట్టు కట్టకు. పదో తరగతి కుర్రాడికి క్రికెట్టులో ఇప్పటికే ఒక స్థానం ఉంటుంది, దాన్ని వదులుకుని రాడు, వచ్చినా నిలవడు. ఆరు, ఏడు తరగతుల వాళ్లను తీసుకో. వాళ్లకు ఐదో నంబరు (పిల్లల సైజు) బంతి ఇచ్చి, 2.60 మీటర్ల ఎత్తులో ఒక చిన్న రింగు గోడకు బిగించు. అసలు రింగు ఎత్తు 3.05 మీటర్లు. పదేళ్ల పిల్ల రెండు చేతులతో బలమంతా పెట్టి విసిరినా బంతి దాని దాకా పోదు, పోయినా చేతి తీరు చెడిపోతుంది. ఆడపిల్లలకు వారంలో కొన్ని సాయంత్రాలు విడిగా కేటాయించు, ట్రాక్ ప్యాంట్లతోనే ఆడనివ్వు. నిక్కర్ల దగ్గర పేచీ పెట్టుకుంటే ఇంట్లో వాళ్లు బడి నుంచి నేరుగా ఇంటికి రమ్మంటారు, నువ్వు మంచి క్రీడాకారిణిని పోగొట్టుకుంటావు.

తల్లిదండ్రులు "దీనివల్ల ఏమొస్తుంది మాస్టారూ" అని అడుగుతారు, విసుక్కోకు. రైల్వేలు, సైనిక సర్వీసులు, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు వంటి సంస్థలు ఈ ఆటలో జట్లు పోషిస్తున్నాయని చెప్పు. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీల్లో బాస్కెట్‌బాల్ ఉందనీ, ఆ సర్టిఫికెట్లు స్పోర్ట్స్ కోటా దరఖాస్తులకు ఉపయోగపడతాయనీ చెప్పు. ఉద్యోగం ఖాయమని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకు. సంక్రాంతికి ఊళ్లో వాలీబాల్ పోటీలు పెడతారు కదా, ఆ పెద్దల్నే అడిగి ఒక సాయంత్రం నీ పిల్లల ఆటకు మైకు ఇప్పించుకో. ఈల పడినప్పుడల్లా ఎందుకు పడిందో తెలుగులో చెప్పే మనిషిని పెట్టు, మొదటిసారి నువ్వే చెప్పినా బాగుంటుంది.

గేటు సంగతి ప్రధానోపాధ్యాయుల వారితో ముందే కాగితం మీద తేల్చుకో. సాయంత్రం ఏడున్నర దాకా తాళం ఎవరి దగ్గర ఉండాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, పెళ్లిళ్లకు ఇవ్వవలసి వస్తే గుంజలు కోర్టు బయటే పాతాలన్న షరతు ఎవరు చూడాలి అన్నవి రాసి సంతకాలు తీసుకో. కోర్టు తయారయ్యాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండేట్టు గీయించు, లేకపోతే సాయంత్రం ఎండ నేరుగా షాట్ వేసేవాడి కళ్లలో పడుతుంది. సగం కోర్టైతే రింగు ఉత్తరపు కొసనో దక్షిణపు కొసనో రావాలి. స్తంభాన్ని కోర్టు చివరి గీతకు రెండు మీటర్లు వెనక్కి పాతించి, రింగు ఉండే బోర్డు లోపలికి వచ్చేట్టు చేయి చాపించు, పరుగెత్తి వచ్చే పిల్లల మోకాళ్లు దానికి కొట్టుకోకూడదు. నీళ్లు నిలవకుండా ఒకవైపుకు నూటికి ఒక పాలు వాలు చాలు, అంతకు మించితే బంతి దొర్లిపోతుంది. కాంక్రీటు పోసే ముందు రోజు నీటిగొట్టంతో మట్టం చూసి నాలుగు మూలల కొలతలూ నాకు రాసి పంపు, నేను చూసి సరే అన్నాకే పోయించు.

ఇట్లు,
నీ పాత డ్రిల్ మాస్టారు