థిసిల్‌గోర్మ్ ఓడ లోపలికి వెళ్లవచ్చా?

ప్రశ్న: నిరుడు స్కూబా డైవింగ్‌లో ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశాను. త్వరలో ఈజిప్టు వెళుతున్నాను. ఎర్ర సముద్రంలో మునిగి ఉన్న థిసిల్‌గోర్మ్ అనే యుద్ధకాలపు ఓడలో మోటారు సైకిళ్లు ఇప్పటికీ ఉన్నాయని విన్నాను. లోపలికి వెళ్లి వాటిని చూడవచ్చా?
– ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: మోటారు సైకిళ్లు ఉన్న మాట నిజమే. ఈజిప్టులోని బ్రిటిష్ సేనలకు సామగ్రి మోసుకుని, మధ్యధరా మార్గం ప్రమాదకరం కావడంతో ఆఫ్రికాను చుట్టివచ్చిన ఈ సరుకుల ఓడ, సూయజ్ వైపు సాగేందుకు అనుమతి కోసం లంగరు వేసుకుని ఉండగా, 1941 అక్టోబరు 6న అర్ధరాత్రి దాటాక జర్మన్ విమానాలు దాడి చేశాయి. వెనుక అరలోని మందుగుండు పేలి ఓడ చీలిపోయింది. ముందు అరలలోని బీఎస్ఏ, నార్టన్ మోటారు సైకిళ్లు, బెడ్‌ఫోర్డ్ లారీలు, చివరికి రబ్బరు బూట్లు కూడా మిగిలాయి.

అయితే మీ ప్రస్తుత అర్హత దీనికి చాలదు. ఓపెన్ వాటర్ కోర్సు పరిమితి 18 మీటర్లు. ఓడ ఆనుకున్న ఇసుక దాదాపు 30 మీటర్ల లోతున ఉంది. అక్కడి ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి నాలుగు రెట్లు కాబట్టి ట్యాంకులోని గాలి కూడా అంత వేగంగానే తరిగిపోతుంది. పైగా ఆ ఒత్తిడిలో పీల్చే గాలిలోని నైట్రోజన్ ప్రభావంతో ఆలోచన మందగించవచ్చు, ఆ సంగతి మనకే తెలియకపోవచ్చు. అక్కడ ప్రవాహాలు కూడా తరచుగా బలంగా ఉంటాయి.

ముందు అడ్వాన్స్‌డ్ కోర్సు చేయండి. అది పూర్తయినా 30 మీటర్ల వరకు దిగడానికి అర్హత వస్తుందే గాని, ఓడ లోపల తిరిగే శిక్షణ వచ్చినట్టు కాదు. తలపై ఇనుప కప్పు ఉన్నచోట, ఏ ఇబ్బంది వచ్చినా నేరుగా పైకి రావడం కుదరదు. కాలికి తొడిగిన ఈత రెక్క (ఫిన్) ఒక్కటి తగిలి మడ్డి లేచినా దారి కనబడకుండా పోతుంది. అందుకే లోపలికి వెళ్లేవారు మూడింట ఒక వంతు గాలి పోవడానికి, ఒక వంతు రావడానికి, మిగతాది ఆపదకు అని లెక్క పెట్టుకుంటారు. మొదటిసారి బయటి నుంచే చూడమని నా సలహా. ఇసుకలో పడి ఉన్న రైలు ఇంజన్, వెనుక భాగంలోని ఫిరంగులు చూడటానికే ఒక డైవ్ సరిపోతుంది. దాడిలో తొమ్మిదిమంది మరణించారు కనుక అక్కడి నుంచి ఏ వస్తువూ తీయకండి.

డైవ్ తర్వాత ఒంట్లో మిగిలిన నైట్రోజన్ విమానం ఎత్తుకు వెళ్లినప్పుడు బుడగలుగా మారి హాని చేయవచ్చు కనుక, చివరి డైవ్‌కూ విమాన ప్రయాణానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకుని టికెట్లు తీసుకోండి.