ఏప్రిల్ 1: ఒక ఇంట్లో పండుగ, ఒక ఇంట్లో బాధ

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం. నాన్నగారు తెలుగువారు, అమ్మ బరంపురం ఒడియా ఇంటి ఆడపడుచు. ఏప్రిల్ 1 వస్తే అమ్మమ్మగారింట్లో ఉత్కళ దివస్ అని సంబరం చేసుకుంటారు. మా తాతగారు మాత్రం ఆ రోజున పర్లాకిమిడి మన చేయి జారిపోయిందని బాధపడేవారు. నా పిల్లలకు ఎవరి మాట చెప్పాలి? దేశాల సరిహద్దుల్లో ఉండేవారికీ ఈ సందిగ్ధం ఉంటుందా? జనగణనలో నా మాతృభాష ఏమని రాయించాలి? అత్తవారు తెలుగే రాయించమంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా చెప్పండి. అయితే రెండింటినీ కలిపి ఎవరికీ నొప్పి తగలని కథగా మార్చకండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. కొంత మద్రాసు కింద, కొంత బీహారుతో కలిసి చెదిరి ఉన్న ఒడియా ప్రజలకు అది దశాబ్దాల ఆందోళన ఫలించిన రోజు. అదే రోజు గంజాం జిల్లా చీలి బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లగా, మీ ఇచ్ఛాపురం, పాతపట్నం, టెక్కలి ఇటు మిగిలాయి. పర్లాకిమిడిలో దశాబ్దాలపాటు ఉండి, సవర గిరిజనులకు వారి భాషలోనే వాచకాలు, నిఘంటువు సమకూర్చిన గిడుగు రామమూర్తి ఆ ఏడాదే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. మీ తాతగారి బాధ ఆ తరమంతా పడిన బాధ. మీ అమ్మమ్మగారి సంబరమూ అంతే నిజం. ఆ సవరల ఊళ్లు కూడా కొత్త సరిహద్దు గీతకు రెండు వైపులా మిగిలాయి. మనం చెప్పుకునే చరిత్రలో వారి గొంతు అరుదుగా వినిపించడం నాకు ఎప్పుడూ లోటుగానే తోస్తుంది.

గీతకు ముందరి సంగతులూ పిల్లలకు చెప్పవలసినవే. వంశధార ఒడ్డున ముఖలింగంలో మధుకేశ్వరుణ్ణి కొలిచిన గంగ వంశపు రాజులే తరువాత కటకానికి (నేటి కటక్) తరలివెళ్లారు. పూరీ జగన్నాథాలయం కట్టించిన చోడగంగు ఆ వంశంవాడే. శ్రీకూర్మం వెళ్లినప్పుడు మండపం స్తంభాల దగ్గర పిల్లలను కాసేపు నిలబెట్టండి. సంస్కృతం, తెలుగు, ఒడియా శాసనాలు ఆ ఒక్క గుడిలోనే ఉన్నాయి. దీపానికి నూనె ఇచ్చినవారు, ఆవులను ఇచ్చినవారు తమ పేర్లను తమకు వచ్చిన భాషలో చెక్కించుకున్నారు.

ఇక దేశాల సరిహద్దుల మాట. మీ ఇంట్లో ఉన్న సందిగ్ధమే అక్కడా ఉంటుంది, కాని దాని బరువు వేరు. మీరు బస్సెక్కి అమ్మమ్మగారింటికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలరు. 1893లో అఫ్గానిస్తాన్‌కూ బ్రిటిషు ఇండియాకూ మధ్య గీసిన డ్యూరాండ్ రేఖ చీల్చిన పష్తూన్ కుటుంబాలకు ఆ వీలు అన్ని కాలాల్లోనూ లేదు. మన జిల్లాల నుంచి ఓడలెక్కి ‘రంగం’ (బర్మాలోని రంగూన్) వెళ్లినవారిని చూడండి. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీయడంతో, వారు ఉన్నచోటనే ఉండి పరదేశంలో పడ్డారు. 1942లో జపాను దాడికి భయపడి కొందరు, 1960లలో సైనిక ప్రభుత్వం వ్యాపారాలను స్వాధీనం చేసుకున్నాక మరికొందరు తిరిగివచ్చారు. బంగ్లాదేశ్ సరిహద్దులో 111 భారత భూభాగాలు ఆ దేశం లోపల, 51 బంగ్లాదేశ్ భూభాగాలు మన దేశం లోపల ఉండేవి. 2015 జూలై 31 అర్ధరాత్రి వాటిని మార్చుకున్నప్పుడు, ఏ దేశ పౌరులుగా ఉంటారో అక్కడివారే ఎంచుకోవలసి వచ్చింది. పుట్టిన ఊరిలోనే ఉండాలంటే దేశం మారాలి, దేశాన్ని నిలుపుకోవాలంటే ఊరు విడవాలి. అలాంటి ఎంపిక మీ ముందు లేదు. ఎవరైనా మిమ్మల్ని ఆ మూలకు నెట్టబోతే ఒప్పుకోకండి.

అలాగని కాగితం చిన్న విషయమని అనను. సాలూరు కొండలపైనున్న కొటియా గ్రామాలపై రెండు రాష్ట్రాల వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి గిరిజనుల్లో చాలామంది రెండు వైపుల కార్డులూ దాచుకుంటున్నారు. దానిని మోసమనడం అన్యాయం. బియ్యం, బడి, ఆసుపత్రి ఎటునుంచి అందుతాయో తెలియని చోట ఎవరైనా అదే చేస్తారు.

జనగణన నిబంధన ప్రకారం, చిన్నతనంలో తల్లి తనతో మాట్లాడిన భాషే మనిషికి మాతృభాష. మీ అమ్మగారు మీతో ఒడియాలో మాట్లాడి ఉంటే ఒడియా అనే రాయించండి. తెలిసిన ఇతర భాషలు రెండింటిని విడిగా నమోదు చేస్తారు కనుక తెలుగును అక్కడ చెప్పండి. మీ పిల్లలతో మీరు ఏ భాషలో మాట్లాడితే వారి గడిలో అది పడుతుంది. అత్తవారికి ఈ నిబంధన చూపిస్తే చాలు, వాదన అక్కర్లేదు.