డ్రోన్ల తయారీలోకి వెళ్లాలంటే ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది దొనకొండ. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాశ్రయాన్ని చూస్తూ పెరిగిన మా అబ్బాయి ఇప్పుడు ఒంగోలులో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సైన్యానికి నిఘా డ్రోన్లు తయారుచేయాలని అతని పట్టుదల. డ్రోన్ల పేరుతో ఉన్న బీటెక్ కోర్సులో చేర్పించమంటారా? రేపు అవే యంత్రాలతో బాంబులు వేస్తారేమోనని వాళ్లమ్మ బెంగ పెట్టుకుంది.

జవాబు: కోర్సు పేరు చూసి చేర్పించవద్దు. ఒక డ్రోన్ వెనుక ఎన్ని రకాల చదువులు ఉంటాయో తెలియాలంటే, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన బెంగళూరులోని ఏడీఈ అనే ప్రయోగశాల రూపొందించిన తపస్ నిఘా డ్రోన్‌నే తీసుకోండి. 2016 నవంబరులో తొలిసారి ఎగిరిన ఈ డ్రోన్ 30,000 అడుగుల ఎత్తుకు చేరాలని, 24 గంటలు గాలిలో ఉండాలని సైన్యం కోరితే, పరీక్షల్లో 28,000 అడుగులు, 18 గంటల దగ్గర ఆగింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజను శక్తి తగ్గుతుంది; ఎక్కువసేపు ఎగరాలంటే ఇంధనం ఎక్కువ మోయాలి; ఆ బరువే మళ్లీ ఎత్తును తగ్గిస్తుంది. ఈ చిక్కును విప్పడానికి మెకానికల్ చదివినవారు కావాలి. కెమెరా, రాడారు, నేల మీది కేంద్రంతో సమాచార సంబంధం ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) వారి పని. డ్రోన్ తనంతట తాను ఎగిరేలా చేసే ప్రోగ్రాము కంప్యూటర్ సైన్సు వారిది. అందుకే మంచి కళాశాలలో ఈసీఈ గానీ మెకానికల్ గానీ తీసుకోమంటాను. ఏరోస్పేస్ అయితే ఐఐటీలోనో, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోనో సీటు వచ్చినప్పుడే ఆలోచించండి. రెండింటికీ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే ఆధారం. బీటెక్ తర్వాత గేట్ పరీక్ష స్కోరు, ఇంటర్వ్యూలతో డీఆర్‌డీవోలో సైంటిస్ట్-బి ఉద్యోగానికి పోటీపడవచ్చు. డ్రోన్ నడిపే సర్టిఫికెట్ శిక్షణలో చేరడానికి పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండితే చాలు కానీ, అది తయారీకి దారి కాదు.

ఇక అమ్మగారి బెంగ నిజమైనదే. అమెరికావారి ప్రిడేటర్ డ్రోన్ 1994లో నిఘా కోసమే ఎగిరింది. 2001 ఫిబ్రవరిలో దాని నుంచే క్షిపణిని ప్రయోగించి చూశారు. రెక్కల కింద ఆయుధం మోసే ఏర్పాటు, లక్ష్యంపై లేజరు నిలిపే పరికరం చేరితే నిఘా విమానమే దాడి విమానమవుతుంది, క్షిపణి బరువు మేరకు గాలిలో ఉండే గంటలు తగ్గినా సరే. కనుక కెమెరా విభాగంలోనే పనిచేస్తాను, ఆయుధాలతో నాకు సంబంధం లేదు అనుకోవడం ఈ రంగంలో కుదరదు. అది మీ అబ్బాయికి సమ్మతం కాకపోతే అదే ఈసీఈ, అదే మెకానికల్ చదువుతో ఇస్రోలోనో, పంటల సర్వేకు డ్రోన్లు చేసే సంస్థల్లోనో స్థిరపడవచ్చు. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే లోపే తల్లీకొడుకులను కూర్చోబెట్టి ఈ విషయం దాపరికం లేకుండా మాట్లాడించండి.